కుడి వైపు పతకం

"బండి ఆరు గంటలకొస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్ క్రాగ్. "ఈలోగా ఆవిణ్ణి ఓ శాలువా తెచ్చుకోమను. లాకప్పులో చలెక్కువ."

ఆడమనిషిని ఉరికంబానికి పంపుతూ శాలువా గురించి బెంగపెట్టుకునే దయామయుడు క్రాగ్. పోలీసు కొలువులో ఉన్నప్పుడు ఈ మనిషి పక్కన ఏళ్ల తరబడి పనిచేశాను. దొంగ దొరక్కపోతే దొరికినవాణ్నే దొంగను చేయడంలో అతణ్ని మించినవాడు లండన్‌లో లేడు. ఆ విద్య నాకు పట్టుబడలేదు. అందుకే నేను కొలువు వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని చేసుకుంటున్నాను, అతను ఇన్‌స్పెక్టరయ్యాడు. నా గుమ్మం మీద గిడియన్ ప్రౌట్ అని బోర్డుంది కానీ క్రాగ్ నన్ను ఇప్పటికీ "సార్జంటూ" అనే పిలుస్తాడు. కొలువులో నేను ఎక్కలేకపోయిన మెట్టు ఏదో గుర్తుచేయడం అతనికి భోజనం తర్వాత వక్కపలుకులాంటిది.

ఇక ఆవిడంటే మిసెస్ స్ట్రేక్. రాతి అచ్చు ప్రెస్సు యజమానురాలు. రాయి మీద గీసిన బొమ్మను కాగితాలకు దించడం ఆ ప్రెస్సు పని. మొగుడు పోయాక తనే నడుపుకుంటోంది. "జోరీగ" అనే వారపత్రిక ప్రతి శనివారం ఎవరో ఒక పెద్దమనిషిని పట్టుకుని రంగుల్లో వ్యంగ్య చిత్రం వేస్తుంది. ఆ బొమ్మలన్నీ ఈవిడ ప్రెస్సులోనే అచ్చవుతాయి. వాటిని గీసేది కోరిన్ టాలిస్. గీసేది అని పొరపాటున అన్నాను. ఇక గీయడు. ఈ వారం వంతు లెఫ్టినెంట్ జనరల్ సర్ హెక్టర్ బ్రాక్‌హర్స్ట్‌ది. నిన్న రాత్రి ఆ బొమ్మను రాయి మీద గీయడం ముగించిన టాలిస్, తెల్లారి పనివాళ్లు వచ్చేసరికి అదే రాయి పక్కన తల పగిలి పడి ఉన్నాడు. పక్కనే సిరా పూసే పెద్ద తోలు రోలరు, దాని నిండా రక్తం.

శవాన్ని తీసుకెళ్లిపోయారు. పొద్దున్నించీ మిసెస్ స్ట్రేక్‌ను వంటగదిలో కుర్చీకి అతికించి కూర్చోబెట్టాడు క్రాగ్. నాకు కబురు చేసింది ఆవిడే.

"నిన్న సాయంత్రం నుంచి వరసగా చెప్పండమ్మా," అన్నాను.

"ఎన్నిసార్లు చెప్పను? మీ ఇన్‌స్పెక్టరుకి చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. ఆయన రాసుకున్నదీ లేదు, విన్నదీ లేదు."

"నాకొక్కసారి చెప్పండి. నాకు చెవులున్నాయి."

ఆవిడ క్రాగ్ వైపు ఒక చూపు చూసి మొదలుపెట్టింది. "ఎనిమిదిన్నరకి బొమ్మ పూర్తయింది. చూశాను. చూసి గొడవ పెట్టుకున్నాను."

"దేనికి?"

"జనరల్‌కి పతకం పెట్టలేదు."

క్రాగ్ పకపకా నవ్వాడు. "విన్నావా సార్జంటూ? పతకం లేదని మనిషిని చంపిందిట!"

"నవ్వండి నవ్వండి," అంది మిసెస్ స్ట్రేక్. "మీకు పతకమూ లేదు, దాని బాధా లేదు. ఆ జనరల్‌కి ఉన్నది ఒక్కటే పతకం, క్రిమియా యుద్ధంలోది. స్నానాల గదిలో కూడా తియ్యడని చెప్పుకుంటారు. టాలిస్ ఏం చేశాడూ? పీపాయంత రొమ్ము గీసి, దాని మీద ఏమీ లేకుండా వదిలేశాడు. కత్తి బదులు చేతికి గొడుగిచ్చాడు. ఏమిటయ్యా ఈ పని అంటే, 'యుద్ధం జరిగిన రోజు ఈ మహావీరుడు రేవులో ఓడ మీద కడుపునొప్పని ముసుగుతన్ని పడుకున్నాడు. ఫిరంగులు ఆగాకే నొప్పి తగ్గింది. ఆ ఓడలో నౌకరు మా నాన్న. దుప్పటి కప్పింది ఆయనే' అన్నాడు."

"దానికి మీకెందుకు కోపం?"

"పొట్ట ఎంత పెద్దది గీసినా ఏ జనరలూ కోర్టుకెక్కడు. నవ్వేసి ఇంట్లో గోడకి తగిలించుకుంటాడు. వాళ్ల పరువంతా ఇదిగో, ఇక్కడుంటుంది." తన రొమ్ము మీద వేలితో పొడుచుకుంది. "అక్కడ చెయ్యి పెడితే ఊరుకోరు. కేసు పడితే పత్రికవాడు నాకేం తెలీదంటాడు. ప్రెస్సు నాది, మునిగేది నేను. ఆ మాటే అరిచాను. వీధంతా వినేట్టు అరిచాను. తప్పా?"

"తర్వాత?"

"తొమ్మిదింటికి పైకి నా గదికెళ్లి పడుకున్నాను. ఆయన మూల మీద బీరు దుకాణానికి భోజనానికెళ్లాడు. వచ్చి సంతకం పెడతానన్నాడు. పెరటి తలుపు గొళ్లెం వెయ్యడు. ఎన్నిసార్లు మొత్తుకున్నా అంతే మనిషి." ఆవిడ కుర్చీలో నా వైపు తిరిగింది. "నేను ఆఖర్న అతనితో అన్న మాట 'నా కొంప ముంచడానికే పుట్టావురా' అని. పడుకోబోయే ముందు కిందికొచ్చి ఒక మంచి మాట చెబుదామనుకున్నాను. రాలేదు."

క్రాగ్ వేళ్లు మడిచాడు. "అరిచింది. రోలరు ఆవిడది. తలుపు ఆవిడది. బొమ్మ అచ్చు కాకుండా ఆపాలనుకుంది. ఇంకేం కావాలయ్యా నీకు?"

"ఆ బొమ్మ ఎక్కడుంది?"

"లోపల రాయి మీదే ఉంది. పొద్దున్నించీ గదికి తాళం వేయించాను."

"గుప్పెడు ఇసక పోసి రుద్దితే రాయి మీద బొమ్మ పోతుంది. ఆ పని ఈవిడకి రోజూ అలవాటే. బొమ్మ ఆపడానికి మనిషిని చంపి, బొమ్మని మాత్రం భద్రంగా దాచిందా?"

"కోపంలో బుర్ర పనిచెయ్యదు."

"నీకు కోపం లేనప్పుడు కూడా పనిచెయ్యదు. నిన్నెవరూ ఉరి తీయలేదే!"

క్రాగ్ మొహం కందగడ్డ అయింది. కానీ తాళం తీశాడు. నన్ను తప్పని నిరూపించే అవకాశం వస్తే అతను సొంత అత్తగారి పెట్టె తాళమైనా తీస్తాడు.

రాతి గదిలో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద రాయి. నేల మీద రక్తపు మరక. నేను ముందు పొయ్యి దగ్గర కూర్చున్నాను. బూడిదలో మందపాటి కాగితం పొరలు, మూడు ఇత్తడి పిన్నులు ఉన్నాయి. టాలిస్ ముందుగా కాగితం మీద వేసుకునే రంగుల బొమ్మ అది. గోడ మీద నుంచి పీకి కాల్చేశారు.

"దీన్ని కాల్చి, రాయిని వదిలేశారు," అన్నాను. "ఎందుకో చెప్పగలవా క్రాగ్?"

"చలికి కాల్చుకుని ఉంటాడు చచ్చినవాడు."

నా వెనకనుంచి మిసెస్ స్ట్రేక్ ఒక్క కేక పెట్టింది. రాయి మీదికి వంగి చూస్తోంది.

"ఇది ఆయన గీసింది కాదు! పతకం! రొమ్ము మీద పతకం ఉంది!"

నేను భూతద్దం తీశాను. గొడుగు పట్టుకున్న జనరల్, పీపాయంత రొమ్ము, పుల్లల్లాంటి కాళ్లు. ఆ రొమ్ము మీద బుల్లి పతకం, దాని రిబ్బను, రిబ్బను మీద అడ్డపట్టీ. చాలా శ్రద్ధగా గీశారు. పతకం లేని రంగుల బొమ్మను ఎందుకు కాల్చారో ఇప్పుడు తెలిసింది. మిగతా బొమ్మంతా టాలిస్ చెయ్యి, దారం విసిరినట్టు ఒదులు ఒదులు గీతలు. పతకం నీడలో మాత్రం గీతలన్నీ ఒకే పొడవు, ఒకే ఎడం, కవాతుకు నిలబడ్డట్టున్నాయి. కోటల పటాల్లో గుట్టల ఏటవాలు చూపించడానికి ఇలాగే గీస్తారు. సైనిక పాఠశాలల్లో కుర్రవాళ్ల చేత ఏళ్ల తరబడి అవే గీయిస్తారు.

"ఈవిడే గీసి ఉంటుంది," అన్నాడు క్రాగ్. "కేసు పడుతుందన్న భయంతో. అతను తిరిగొచ్చి చూసి గొడవ పడ్డాడు. రోలరు తీసి ఒక్కటిచ్చింది. నీ పతకం నా కేసుని గట్టి చేసింది సార్జంటూ. చాలా సంతోషం."

ఒప్పుకోవాలి. మూర్ఖుడికి కూడా అప్పుడప్పుడు తర్కం తగులుతుంది. మిసెస్ స్ట్రేక్ మొహంలో రంగు లేదు. ఇందాకటినుంచీ కోపంతో నిలదొక్కుకున్న మనిషి, బల్ల అంచు పట్టుకుంది.

"నన్ను నిజంగా ఉరి తీస్తారా?" అని అడిగింది నన్ను, చాలా మామూలు గొంతుతో.

"అచ్చు తీయండి," అన్నాను. నాకు తోచింది అదొక్కటే. "ఈ రాయి మీద ఏముందో కాగితం మీద చూడాలి."

పని చేతికొచ్చేసరికి ఆవిడ కుదుటపడింది. రాయికి మందు పట్టించింది, బంక పూసింది, ఆరనిచ్చింది, కడిగింది. పాత రోలరు పోలీసులు పట్టుకుపోయారు కాబట్టి లోపల్నుంచి ఇంకొకటి తెచ్చుకుంది. ఆ పని సాగినంతసేపూ క్రాగ్ కిటికీలో కూర్చుని మాంసం పెట్టిన రొట్టె తిన్నాడు. చనిపోయిన మనిషి రక్తం అతని బూటుకు జానెడు దూరంలో ఉంది. మధ్యలో ఒకసారి, ఆవాలు తక్కువయ్యాయని విసుక్కున్నాడు.

ఆవిడ ప్రెస్సు చక్రం తిప్పి, కాగితం కొసలు పట్టుకుని మెల్లగా పైకెత్తింది. చూసింది. ఆ తర్వాత పొద్దున్నించీ మొదటిసారి నవ్వింది. నవ్వూ ఏడుపూ కలిసిన నవ్వు.

"ఇటు చూడండి, ఇన్‌స్పెక్టర్‌గారూ. పతకం ఎక్కడుందో చూడండి!"

పతకం జనరల్ కుడి రొమ్ము మీద ఉంది.

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది, ఆ తర్వాత నేనూ నవ్వాను. రాయి మీద బొమ్మ అద్దంలో బొమ్మలాంటిది. కాగితం మీదికొచ్చేసరికి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎదురుగా నిలబడ్డ సైనికుడి పతకం మనకే వైపు కనిపిస్తుందో, ఆ గీసిన ఘనుడు రాయి మీద సరిగ్గా ఆ వైపే పెట్టాడు. కాగితం మీద అది అవతలికి దూకింది. ఈ దేశంలో ఏ సైనికుడూ యుద్ధంలో వచ్చిన పతకాన్ని కుడి వైపు పెట్టుకోడు. పెట్టుకున్నవాణ్ని చూసి పటాలంలో గుర్రాలు కూడా నవ్వుతాయి.

"పెళ్లయి ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ నాకు ప్రపంచమంతా తిరగేసే కనిపిస్తుంది," అంది మిసెస్ స్ట్రేక్. "నిద్దట్లో గీసినా నా చేతికి ఈ తప్పు రాదు. టాలిస్‌కీ రాదు. ఈ విద్య తెలియనివాడెవడో గీశాడు."

"చచ్చినవాడే ఎగతాళికి పెట్టాడేమో," అన్నాడు క్రాగ్. అతని గొంతులో ఇందాకటి దమ్ము లేదు.

"ఎగతాళి కోసం తన చేతి గీతే మార్చుకున్నాడా? ఇంకొకటి చూడు. ఈ మరకలేమిటి?"

జనరల్ భుజం పక్కన, తెల్లగా ఉండవలసిన చోట రెండు నల్లటి మచ్చలు పడ్డాయి. కొంచెం కింద మళ్లీ అలాంటివే రెండు. రాయి మీద అవి కంటికి ఆనలేదు, సిరా తగిలాకే బయటపడ్డాయి.

"వేళ్లు," అంది ఆవిడ వెంటనే. "మేం రాయిని ముట్టుకోం. చెక్కపలక అడ్డం పెట్టుకుని దాని మీద చెయ్యి ఆనిస్తాం. ముట్టుకున్నవాడి చేతికి కొవ్వుంటే రాయి పీల్చేసుకుంటుంది, సిరా పట్టేస్తుంది."

"బొటనవేలు, చూపుడువేలు. రెండుచోట్లా ఆ రెండే. మిగతా మూడు వేళ్లు శుభ్రం. మనిషికి ఆ రెండు వేళ్లకే కొవ్వు ఎప్పుడంటుకుంటుంది, క్రాగ్?"

క్రాగ్ తన రొట్టె పట్టుకున్న చేతి వైపు చూసుకుని, గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. నేను మీసం లేని నా పైపెదవి కొసన బొటనవేలూ చూపుడువేలూ ఆనించి మెలిపెట్టాను.

"మీసాల మైనం," అన్నాను. "ఈ రాజ్యంలో మీసం తీయించుకుంటే శిక్షపడే ఉద్యోగం ఒక్కటే ఉంది. అమ్మా, ఈమధ్య సైన్యంవాళ్లెవరైనా ఇక్కడికొచ్చారా?"

"నిన్న మధ్యాహ్నం కెప్టెన్ ఫెంటన్ వచ్చాడు. జనరల్‌గారి కింద పనిచేస్తాడు, మేనల్లుడు కూడా. ఈ బొమ్మ రెండొందల కాపీలు ముందే కావాలన్నాడు."

"రెండొందలా! దేనికి?" అన్నాడు క్రాగ్.

"స్నేహితులకి పంచుకోవడానికి. అందరూ కొంటారు. తిట్టించుకోవడానికి కూడా పెట్టి పుట్టాలి మరి. జోరీగలో బొమ్మ పడకపోతే వాళ్లలో వాళ్లకి పరువుండదు. ఈ జనరల్ ఏడాదిగా పత్రికవాడికి విందులిస్తున్నాడు, తన బొమ్మ వెయ్యమని. కెప్టెన్ మాట్లాడుతుండగా గోడ మీద రంగుల బొమ్మ చూశాడు. మొహం మాడిపోయింది. మీసం మెలిపెట్టుకుంటూ నిలబడి, నిలబడి, వెళ్లిపోయాడు."

నేను కోటు తొడుక్కున్నాను. "పద క్రాగ్."

"జనరల్ దగ్గరికా? నేను రాను. ఆయనెవరో తెలుసా నీకు?"

"నేను తప్పయితే అంత పెద్దమనిషి ముందు నన్ను చీల్చి చెండాడచ్చు. నీకింతటి అదృష్టం మళ్లీ రాదు."

వచ్చాడు. మిసెస్ స్ట్రేక్‌ను బయటికి పోనివ్వొద్దని గుమ్మంలో ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టి మరీ వచ్చాడు.

జనరల్ రోజంతా గడిపే సైనికాధికారుల క్లబ్బు నాలుగు వీధుల అవతల. పొగ తాగే గదిలో అడుగుపెట్టగానే నా తెలివి మీద నాకున్న గౌరవం కాస్త తగ్గింది. నలభై మంది అధికారులు కూర్చున్నారు. నలభై మందికీ మీసాలున్నాయి. వాళ్లలో ముప్పై మంది వాటిని మెలిపెడుతున్నారు. మిగతా పదిమంది ముఖాల మీద వార్తాపత్రికలు కప్పుకుని గురకపెడుతున్నారు. ఈ దేశాన్ని శత్రువులనుంచి కాపాడుతున్నది వీళ్లేనట. శత్రువులకు ఇంకా ఆ సంగతి తెలియకపోవడం మన అదృష్టం.

జనరల్ బ్రాక్‌హర్స్ట్ పొయ్యి పక్కన కూర్చున్నాడు. రొమ్ము మీద పతకం, ఎడమ వైపు. పక్కన కెప్టెన్ ఫెంటన్ నిలబడి ఉన్నాడు. పొడుగ్గా, బొమ్మల దుకాణంలో కొన్నట్టున్నాడు. మీసం రెండు కొసలూ సూదుల్లా ఉన్నాయి.

"ఆ గీసేవాడు పోయాడటగా," అన్నాడు జనరల్. "పాపం. శనివారం బొమ్మ వస్తుందా, రాదా?"

మనిషి పోయినందుకు ఒక మాట, బొమ్మ కోసం ఒక మాట. లెక్క సరిపోయింది.

"కెప్టెన్‌గారూ, నిన్న రాత్రి తొమ్మిది నుంచి పది దాకా మీరెక్కడున్నారు?" అని అడిగాను.

"ఇక్కడే. అదిగో ఆ కుర్చీలో. భోజనమయ్యాక నిద్రపోయాను. ఇరవైమంది చూశారు."

"మీ మొహం చూశారా?"

"పేపరు కప్పుకున్నాను."

"అయితే ఇరవైమంది చూసింది పేపరుని. పేపరు కింద మీరే ఉన్నారని ఎవరైనా ఎత్తి చూశారా?"

"ఎత్తి చూడటమా!" జనరల్ కుర్చీలో లేచి కూర్చున్నాడు. "ఈ క్లబ్బులో నిద్రపోయే సభ్యుణ్ని లేపితే పేరు కొట్టేస్తాం తెలుసా? ఆమధ్య ఒక కర్నల్ ఆ మూల కుర్చీలో చచ్చిపోయాడు. మర్నాటి భోజనాల వేళదాకా ఎవరూ కదపలేదు. మర్యాదంటే అదీ!"

"మహా మర్యాద, సర్ హెక్టర్," అన్నాడు క్రాగ్. గుమ్మంలో వంగిన అతని నడుము ఇంకా లేవలేదు. "ఈ మనిషి చాదస్తం మీరు పట్టించుకోకండి. నేను వద్దంటూనే ఉన్నాను."

నా దగ్గర సాక్ష్యమేముంది? గీతలు కవాతు చేస్తున్నాయని, మచ్చలు మీసాల మైనమని చెబితే ఏ న్యాయమూర్తి వింటాడు? నేను ఫెంటన్ మీదే కన్ను వేసి ఉంచి, చుట్టి తెచ్చిన అచ్చు కాగితాన్ని జనరల్ చేతికిచ్చాను. మేనల్లుడు ఉలిక్కిపడితే అక్కడ దొరకబుచ్చుకోవాలని నా ఎత్తు.

జనరల్ కాగితం విప్పాడు. మొహం వెలిగింది.

"నేనే! అచ్చం నేనే! చూడరా ఫెంటన్, ముక్కు! పొట్ట చూడు, దొంగవెధవ, ఎంత గీశాడో! గొడుగు! హహ్హహ్హ! ఆ ముసలి అడ్మిరల్‌కి ఈ జన్మలో ఇలాంటిది..."

అతని చూపు రొమ్ము దగ్గరికొచ్చింది. నవ్వు ఆగిపోయింది. మెడ దగ్గర మొదలైన ఎరుపు బట్టతల దాకా పాకింది.

"కుడి వైపా?" అన్నాడు. తర్వాత గది గదంతా దద్దరిల్లేట్టు అరిచాడు. "కుడి వైపేమిట్రా దున్నపోతా! ఎడమ వైపు కదూ పెట్టమన్నాను!"

కెప్టెన్ ఫెంటన్ మడమలు టకీమని కలిశాయి. గడ్డం పైకి లేచింది, చేతులు పక్కలకు అతుక్కున్నాయి.

"ఎడమ వైపే పెట్టాను, సర్!"

పేపర్ల కింద గురకలు ఆగలేదు. మామకూ అల్లుడికీ తాము ఏమన్నారో ఇంకా తెలియలేదు. ఒకడు తప్పు చేసిన కిందివాణ్ని తిట్టాడు, ఒకడు పైవాడికి జవాబు చెప్పాడు. రోజూ చేసే పనే చేశారు. నా ఉద్యోగ జీవితంలో ఇంత త్వరగా, ఇంత క్రమశిక్షణతో నేరం ఒప్పుకున్నవాళ్లను నేను చూడలేదు. నవ్వొచ్చింది. వెంటనే టాలిస్ గుర్తొచ్చాడు. ఇతన్ని చూసి అతనూ ఇలాగే నవ్వి ఉంటాడు.

"అతను తిరిగొచ్చి మిమ్మల్ని చూసి నవ్వాడు కదా?" అన్నాను ఫెంటన్‌తో, మెల్లగా.

కెప్టెన్ ఇంకా కవాతు భంగిమలోనే ఉన్నాడు. కళ్లు మాత్రం కదిలాయి. "నవ్వాడు. 'పెట్టు నాయనా పెట్టు, యుద్ధంలో గెలుచుకోలేదు కాబట్టి మేనల్లుడైనా పెట్టాలి' అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆగమన్నాను. ఆగలేదు."

"నోర్ముయ్!" అన్నాడు జనరల్. ఇప్పటికి అతనికి తెలిసింది. కాని కంగారుపడలేదు. ఆ ఒక్క విషయంలో అతన్ని మెచ్చుకోవచ్చు, కంగారుపడేవాడు ఎప్పుడూ వేరొకడై ఉండాలని అతనికి బాగా తెలుసు. "నేను పతకం గీయమన్నాను. అంతే. మిగతాది నాకు తెలియదు. ఇన్‌స్పెక్టర్! నువ్వేం విన్నావు?"

క్రాగ్ నా వైపు చూశాడు, జనరల్ వైపు చూశాడు, ఆ తర్వాత పైకప్పు వైపు చూశాడు. పై అధికారి కుర్చీ ఖాళీగా ఉందనీ, అది ఎవరికివ్వాలో నిర్ణయించే పెద్దలు ఈ క్లబ్బులోనే భోంచేస్తారనీ అతనికి తెలుసు, నాకూ తెలుసు.

"నాకు ఎడమ చెవి సరిగా వినపడదు సర్ హెక్టర్," అన్నాడు. "చలికాలం మరీనూ."

"సిగ్గులేదటయ్యా నీకు!" అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అక్కడ ఒక ఆడమనిషి మెడ..."

జనరల్ బొమ్మను నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేశాడు. మంట ఒకసారి లేచి అణిగింది. మడత పెట్టేటప్పుడు ముక్కు ఉన్న వైపు ఒకసారి ఆశగా చూసుకున్నాడు కూడా.

"అయిపోయింది," అన్నాడు. "ఇక కాగితం లేదు."

"కాగితం పోతే పోయింది. రాయుంది. అది ఇంకో వెయ్యి కాగితాలిస్తుంది," అన్నాను నేను, గర్వంగా. వాళ్ల మొహాలు మాడిపోవడం చూడాలన్న ఉబలాటం. ఆ మాట నోట్లోంచి జారాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు.

జనరల్ మేనల్లుడి వైపు తిరిగాడు. ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. "ఫెంటన్," అన్నాడు, అంతే.

"అర్థమైంది సర్," అన్నాడు కెప్టెన్. మీసం కొస ఒకసారి మెలిపెట్టుకుని, గిరుక్కున తిరిగి, గదిలోంచి నడిచి వెళ్లిపోయాడు.

నేను లేవబోయాను. క్రాగ్ చెయ్యి నా భుజం మీద బరువుగా పడింది.

"కూర్చో సార్జంటూ. జనరల్‌గారు ఇంకా మాట్లాడుతున్నారు."

"వాడు ప్రెస్సుకెళ్తున్నాడు! మనం కాక ఆ రాయి చూసింది ఆవిడొక్కతే! వదులు నన్ను!"

"ఆవిడకేం భయం? గుమ్మంలో నా మనిషిని పెట్టానుగా."

కిటికీలోంచి కింద వీధి కనిపిస్తోంది. ఫెంటన్ బండి ఎక్కాడు. బండివాడు కొరడా ఝళిపించాడు. నేను క్రాగ్ చెయ్యి విదిలించి, అతని మోకాలి మీద ఒక్క తన్ను తన్ని, నిద్రపోతున్న వీరుల మధ్యనుంచి మెట్ల వైపు పరుగెత్తాను. గుమ్మంలో ఉన్న ఆ కానిస్టేబుల్‌కు క్రాగ్ చెప్పింది ఆవిణ్ణి బయటికి పోనివ్వొద్దని మాత్రమే. సైన్యంలో కెప్టెన్‌గారు వస్తే, అతను సలాం కొట్టి తలుపు తీస్తాడు.